ఫోనులో ముఖం, ధమ్మంలో మానం

 

ఏప్రిల్ 14న జయంతి ఊరేగింపు అయ్యాక మా వాడ పిల్లలు గ్రూప్ ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టారు. పది నిమిషాల్లో డిగ్రీ చదివే ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అది డిలీట్ చేయించవా, అందులో నల్లగా ఉన్నా" అంది. ఫోటో ఉన్నదున్నట్టే ఉంది. ఆమె ఇన్‌స్టాలో పెట్టుకునే ఫోటోల్లో ఫిల్టర్ ఆమెను తెల్లగా చేస్తుంది. రోజూ ఆ ముఖాన్నే చూసి చూసి, సొంత ముఖం పరాయిదైంది.

"సోకు ఎక్కువైంది" అని ఆ పిల్లను తిట్టడం తేలిక. కానీ ఈ కొలబద్ద ఆమె చేసింది కాదు. వర్ణం అనే మాటకే రంగు అని అర్థం ఉంది. 1975లో బజారులోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' తన పేరులోంచి 'ఫెయిర్' తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది. మరి మన ఇళ్లలో? "ఎండలో తిరగకు, నల్లబడితే సంబంధాలు రావు" అనేది మనమే కదా! మగపిల్లలకైతే జిమ్ బాడీల రీల్స్. బాధ అదే.

బుద్ధుడు దీన్ని 'మానం' అన్నాడు. మనం వాడే పరువు అనే అర్థంలో కాదు. పాళీలో మానమంటే తనను ఇతరులతో పోల్చి కొలుచుకోవడం. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ అని అది మూడు రకాలు. గర్వమొక్కటే మానం అనుకుంటాం గానీ, "నేను తక్కువ" అని కుంగిపోవడం కూడా మానమే. "సమానం అనుకోవడం కూడా తప్పేనా? మన పోరాటమే సమానత్వం కోసం కదా" అని క్లాసులో ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. హక్కుల్లో సమానత్వం వేరు. పక్కవాళ్ల ముఖాన్ని తూకపురాయిగా పెట్టి పొద్దస్తమానం తనను తాను తూచుకోవడం వేరు.

అలాగని ధమ్మం మాసిన బట్టలు కట్టుకోమనదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనానికి గుర్తుగా ఉన్న నగలు వదిలేయమన్నారు, చీర నిండుగా, శుభ్రంగా కట్టుకోమన్నారు. ఇతరులు మన ఒంటిమీద వేసిన ముద్రను తుడిచేయడం అది. ఫిల్టర్ ఆ ముద్రను మన చేతే వేయిస్తోంది.

కెనడాలో 17 నుంచి 25 ఏళ్ల విద్యార్థులు 220 మందితో చేసిన ఒక పరిశోధన 2023లో వచ్చింది. వీళ్లంతా దిగులు, ఆందోళన లక్షణాలు ఉన్నవాళ్లు. కొందరిని సోషల్ మీడియా రోజుకు గంటకు మించి చూడొద్దన్నారు. మూడు వారాల్లోనే తమ రూపం మీద, బరువు మీద వాళ్లకున్న అభిప్రాయం మెరుగుపడింది. మామూలుగా వాడినవాళ్లలో ఆ మార్పు రాలేదు.

ఈ వారం అభ్యాసం: రీల్స్ చూస్తున్నప్పుడు మనసు చివుక్కుమన్న చోట ఆగండి. 'ఇది దుఃఖ వేదన' అని గమనించండి. ఏ బొమ్మ దగ్గర పుట్టిందో కాగితం మీద రాసుకోండి. వేదన తృష్ణగా మారి క్రీము కొనమనేది ఆ తర్వాతే.

ఆ ఫోటో డిలీట్ చేయించాను. ముఖం ఆమెది, అడిగే హక్కూ ఆమెదే. తర్వాతి ఆదివారం విహార్‌లో ఫోన్లన్నీ గంటసేపు బుట్టలో పెట్టమన్నాం. ఆమె ముందే పెట్టేసింది. పెద్దవాళ్లనే మూడుసార్లు అడగాల్సి వచ్చింది.