శ్రోతలు – అభిప్రాయాలు: 'ఎ లవ్ సుప్రీమ్' గూర్చి ఒక పరిశీలన

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని మన పెద్దలన్నారు. ఈ సామెతను సాధారణంగా వాదాన్ని ముగించడానికి వాడుకొంటాము. ఒకరికి నచ్చింది, మరొకరికి నచ్చలేదు, ఇక చెప్పవలసినదేమీ లేదని ఊరుకొంటాము. కాని సాహిత్యాన్ని గాని సంగీతాన్ని గాని అధ్యయనం చేయదలచిన విద్యార్థికి విచారణ అక్కడనే ప్రారంభం కావాలి. ఒకే సంగీతాన్ని విన్నవారిలో ఇన్ని అభిప్రాయాలు ఎందుకు కలిగాయి? వాటిలో కృతికి చెందినది ఎంత, శ్రోతకు చెందినది ఎంత? ఈ ప్రశ్నలను ఆధునిక జాజ్ సంగీతంలో ప్రసిద్ధమైన ఒక శాక్సోఫోన్ రికార్డును ఆధారంగా చేసికొని పరిశీలింపదలచాము.

రికార్డు పరిచయం

జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల నడుమ పుట్టిన సంగీతం. ముందుగా వ్రాసిపెట్టిన స్వరాలను అప్పగించడం కంటె, ఒక పల్లవిని తీసికొని అప్పటికప్పుడు విస్తరించడం దీనిలో ప్రధానం. మన సంగీతంలోని మనోధర్మంతో దీనిని కొంతవరకు పోల్చవచ్చును. శాక్సోఫోన్‌ను బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ శాక్స్ రూపొందించి 1846లో పారిస్‌లో పేటెంటు పొందాడు. దాని ఒడలు ఇత్తడిదే అయినా, రెల్లుతో చేసిన పలుచని రేకు కంపించడం వలన నాదం పుడుతుంది. మన దేశంలో కద్రి గోపాలనాథ్ ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచి కీర్తి గడించాడు.

జాన్ కోల్ట్రేన్ 1926లో నార్త్ కరోలినా రాష్ట్రంలో జన్మించాడు. అతని తాతలిద్దరూ క్రైస్తవ మతబోధకులు. యౌవనంలో మత్తుమందుకు, మద్యానికి లోబడిన అతడు 1957లో వాటిని విడనాడాడు. ఆనాడు దైవకృప వలన తనకు కలిగిన మేలుకొలుపుకు కృతజ్ఞతగా సమర్పించిన కృతియే 'ఎ లవ్ సుప్రీమ్', అనగా పరమప్రేమ. 1964 డిసెంబరు 9న న్యూజెర్సీలోని ఒక స్టూడియోలో రికార్డయిన ఈ కృతి 1965లో వెలువడింది. నిడివి సుమారు 33 నిమిషాలు. అంగీకారం, సంకల్పం, అన్వేషణ, స్తోత్రం అనే అర్థాలు గల పేర్లతో ఇందులో నాలుగు భాగాలున్నాయి. మెకాయ్ టైనర్ పియానోను, జిమ్మీ గారిసన్ బేస్‌ను, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్‌ను వాయించారు.

నాలుగు విధాల శ్రోతలు

మొదటివారు నిరాకరించినవారు. ఈ రికార్డుకు మూడేళ్ళ ముందే, 1961 నవంబరులో, 'డౌన్ బీట్' పత్రికా విమర్శకుడు జాన్ టైనన్ కోల్ట్రేన్ కచేరీని విని, దానిని జాజ్‌కు విరుద్ధమైనదిగా నిందించాడు. 1962 ఏప్రిల్‌లో అదే పత్రిక కోల్ట్రేన్ సమాధానాన్ని ప్రచురించింది. విశ్వంలో తాను తెలిసికొన్న, అనుభవించిన అద్భుత విషయాలను శ్రోతకు చిత్రించి చూపడమే సంగీతజ్ఞుని పని అని అతడు శాంతంగా చెప్పాడు.

రెండవవారు ఆదరించినవారు. 1965లో అదే 'డౌన్ బీట్' పాఠకులు తమ వోట్లతో 'ఎ లవ్ సుప్రీమ్'ను ఆ సంవత్సరపు ఉత్తమ రికార్డుగా ఎన్నుకొన్నారు. నాలుగేళ్ళ క్రితం నింద వెలువడిన పుటలే ఈ గౌరవానికి వేదికలయ్యాయి.

మూడవవారు భక్తితో విన్నవారు. ఇస్లాం స్వీకరించిన వాద్యకారుడు యూసుఫ్ లతీఫ్‌కు, రికార్డు అట్టపై కోల్ట్రేన్ వ్రాసిన ప్రార్థనలో ఫాతిహా సూరా భావచ్ఛాయ కనిపించింది. రికార్డులో పలుమార్లు జపించే పేరులో 'అల్లాహ్' శబ్దాన్నే విన్న ముస్లిం శ్రోతలున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక క్రైస్తవ సమాజం కోల్ట్రేన్‌ను మహాత్మునిగా స్వీకరించి, ఈ సంగీతాన్ని తన ఆరాధనలో చేర్చుకొన్నది.

నాలుగవవారు ఆదరిస్తూనే సంశయించినవారు. కోల్ట్రేన్‌కు పండిట్ రవిశంకర్‌పై అపార గౌరవం. 1965లో జన్మించిన కుమారునికి ఆయన పేరే పెట్టుకొన్నాడు. అయినా రవిశంకర్ మాత్రం, శాకాహారియై యోగాన్ని, భగవద్గీతను అభ్యసిస్తున్న ఇతని సంగీతంలో ఇంత కల్లోలమెందుకో తనకు బోధపడలేదని చెప్పాడు. 1965 జూన్‌లో పదకొండుగురు వాద్యకారులతో రికార్డు చేసిన 'అసెన్షన్' తరువాత ఈ సంశయం మరెందరికో కలిగింది. ఆ ఏటి చివర టైనర్, 1966 ఆరంభంలో జోన్స్ అతని బృందాన్ని వీడారు.

పరిశీలన

ఈ అభిప్రాయాలను కృతి ముందుంచి చూతము. కోల్ట్రేన్ సంగీతానికి క్రమం లేదన్న ఆక్షేపణ ఈ రికార్డు విషయంలో నిలువదు. మొదటి భాగమంతా నాలుగు స్వరాల చిన్న పలుకుపై నిలిచి ఉన్నది. మొదట బేస్ దానిని పలుకుతుంది. తరువాత శాక్సోఫోన్ ఆ పలుకునే పన్నెండు శ్రుతిస్థానాలలోనూ త్రిప్పి చూపుతుంది. చివరకు కంఠాలు దానినే మాటలుగా జపిస్తాయి. నాలుగవ భాగం కేవలం వినేవారికి తాళం లేని ఆలాపనగా తోచవచ్చును. కాని అట్టపై ముద్రించిన ప్రార్థనను చేతబట్టుకొని వింటే, వాద్యం దానిని అక్షరమక్షరంగా చదువుతున్నట్లు తెలుస్తుంది. లూయిస్ పోర్టర్ అనే పరిశోధకుడు దీనిని స్వరస్వరంగా నిరూపించాడు. తెలిసికొన్న కొలది అభిప్రాయం మారుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

భక్తుల అభిప్రాయాన్నీ ఇట్లే పరీక్షించాలి. జపంలో 'అల్లాహ్' శబ్దం వినిపించడం శ్రోత హృదయానికి సంబంధించినది. అట్టపై ఉన్న పదం ప్రేమయే. కోల్ట్రేన్ మొదటి భార్య నయీమా, సహచరుడు టైనర్ ముస్లిములు. కాని అతడు ఇస్లాం స్వీకరించలేదు, తాను అన్ని మతాలనూ విశ్వసిస్తానన్నాడు. మనవాడనే మమకారంతో లేని సంగతిని ఉన్నట్లు చెప్పడం విమర్శ కాజాలదు. లతీఫ్ చూపిన భావసామ్యం మాత్రం వ్రాసిన వాక్యాలపై ఆధారపడినది గనుక దానికి విలువ ఉన్నది.

శ్రవణాన్ని గూర్చి ఇమాం గజాలీ తమ 'ఇహ్యా' గ్రంథంలో విపులంగా చర్చించారు. గానం హృదయంలో లేనిదానిని తెచ్చిపెట్టదు, ఉన్నదానిని కదలిస్తుందన్నది ఆ చర్చలోని ముఖ్యమైన భావన. సంగీతం ధర్మసమ్మతమా అన్న విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నవి. వాటిని తీర్చడం ఈ వ్యాసపు పని కాదు. మన ఆలంకారికులు చెప్పిన సహృదయుడు, ఉర్దూ రసికులు గౌరవించే సుఖన్‌ఫహమ్, ఇద్దరూ ఈ భావనకే దగ్గరివారు. కృతి సగం, శ్రోత సగం అయినప్పుడు శ్రోత కూడా తన సగానికి బాధ్యత వహించాలి.

ఈ బాధ్యత కేవలం సంగీతానికి సంబంధించినది కాదు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ పట్టణంలో దురహంకారులు చర్చిలో పెట్టిన బాంబుకు నలుగురు నల్లజాతి బాలికలు బలి అయ్యారు. ఆ నవంబరులోనే కోల్ట్రేన్ 'అలబామా' అనే కృతిని రికార్డు చేశాడు. ఆ దుఃఖాన్ని ఎరుగనివాడు దానిని మందగతి గల ఒక రాగమని మాత్రమే అనుకొనగలడు. ఒక జాతి కళను వినకుండానే తీసివేయడం, ఆ జాతి వేదనను వినకపోవడానికి తొలిమెట్టు. ఇది అల్పసంఖ్యాకులమైన మనకు ఒకరు చెప్పవలసిన విషయం కాదు. అంతే నిజంగా, ఇతరుల విషయంలో మనము పాటింపవలసిన ధర్మం కూడా.

కనుక విద్యార్థులకు మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి, నచ్చడాన్ని, తీర్పును వేరుచేయండి. నాకు నచ్చలేదనే హక్కు ప్రతి శ్రోతకూ ఉన్నది. ఇది సంగీతమే కాదనడానికి మాత్రం కారణం చూపాలి. రెండు, నిందించే ముందు, పొగిడే ముందు కూడా, కృతిని మరొకసారి వినండి. మూడు, మన అభిప్రాయంలో కృతి నుండి వచ్చినదేది, మన నుండి వచ్చినదేది అని విడదీసి చూడండి. రవిశంకర్ అంతటివాడు తనకు బోధపడలేదన్నాడే గాని, అది సంగీతం కాదనలేదు. తరగతి గదిలో కవిత్వం చదివేటప్పుడు, సభలో ఇతరుల మాట వినేటప్పుడు ఈ పద్ధతినే అవలంబింపవలసినదిగా మా మనవి.