డిస్కు గోల్ఫు డ్రైవరు: ప్లాస్టిక్కు, రంగు, నిలుకడ

గోల్ఫు ఆటయందు బంతిని కఱ్ఱతో కొట్టి గుంటలో పడవేయుదురు. డిస్కు గోల్ఫునందు బంతియు లేదు, కఱ్ఱయు లేదు. పళ్లెమువంటి డిస్కును చేతితో విసరి, గొలుసులు వ్రేలాడు లోహపుబుట్టలో పడునట్లు చేయవలెను. తక్కువ విసరులతో ముగించినవాడే గెలిచినవాడు. అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఓక్ గ్రోవ్ అను ఉద్యానమున, 1975 వ సంవత్సరమున ఎడ్ హెడ్రిక్ అనునాతడు ఈ యాటకు స్థిరమైన మైదానము నేర్పఱచెను. మఱుసటి యేట క్రీడాకారుల సంఘమును స్థాపించెను. 1983 లో అంచు వాలుగానుండు డిస్కు వెలువడినది మొదలు విసరు దూరము మిక్కిలి పెరిగెను. ఇట్టి పదునైన యంచుగల దూరపు డిస్కునే డ్రైవరు అందురు.

ఒకే అచ్చున పోసిన రెండు డ్రైవరులలో ఒకటి తిన్నగా పోవుటయు, రెండవది త్వరగా ప్రక్కకు మొగ్గుటయు ఆటగాండ్రు తఱచుగా చూచుచుందురు. దీనికి కారణము ప్లాస్టిక్కు జాతియని కొందఱును, రంగని కొందఱును వాదింతురు. మేలు జాతి డిస్కు వెల సామాన్యపుదానికంటె చాల హెచ్చు. కావున క్రొత్తగా నేర్చు బాలుడు తన కొలదిపాటి ధనమును దేనిపై వెచ్చింపవలయునో తెలియుటకై, ఈ వాదములలోని నిజమెంతయో విచారింతము.

మొదట డిస్కు ఏల మొగ్గునో తెలియవలెను. అది ముందునకు పరుగెత్తుచు, తనచుట్టు తాను గిరగిర తిరుగును. తిరుగుచున్న బొంగరమును త్రోసినచో అది త్రోసినవైపునకే పడిపోక, అడ్డముగా ఒరుగును గదా! డిస్కు విషయమును అట్టిదే. గాలి దాని ముందంచును ఎత్తజూచినను, వంచజూచినను, అది ప్రక్కకు ఒరుగును. కుడిచేతివాడు వెనుకచేతి విధమున విసరిన డిస్కు, పైనుండి చూచినచో, గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే తిరుగును. వేగము హెచ్చుగా నున్నపుడు గాలియొత్తిడి యొక్క కేంద్రము డిస్కు నడిమికి వెనుకగానుండి ముందంచును వంచజూచును. డిస్కు కుడికి ఒరుగును. వేగము తగ్గినకొలది ఆ కేంద్రము ముందునకు జరిగి ముందంచును ఎత్తజూచును. అపుడు డిస్కు ఎడమకు ఒరిగి దిగును. ఎడమకు మొగ్గుట బలముగానున్న డిస్కును అతిస్థిరమనియు, కుడికి సులభముగ తిరుగుదానిని అల్పస్థిరమనియు మేమిచట వ్యవహరింతుము.

ఇక ప్లాస్టిక్కు సంగతి. కరగిన ప్లాస్టిక్కును గొప్ప ఒత్తిడితో అచ్చులోనికి ఎక్కించి చల్లార్తురు. పచ్చి ఇటుక ఎండునపుడు కుంచించుకొనునట్లు, ప్లాస్టిక్కును చల్లారునపుడు కుంచించుకొనును. మందమైన అంచు మెల్లగను, పలుచని నడిమిభాగము త్వరగను చల్లారును. ప్లాస్టిక్కు జాతినిబట్టి ఈ కుంచిక మారును గనుక, ఒకే అచ్చునుండి వచ్చినను ఒకదాని వీపు బల్లపరుపుగను, వేఱొకదాని వీపు ఉబ్బెత్తుగను ఉండవచ్చును. అచ్చు యొక్క రెండు భాగములును కలియుచోట అంచుపై నొక గీత కనబడును. ఆ గీత నేలనుండి ఎంత ఎత్తుననున్న, డిస్కు అంత అతిస్థిరమగును. వెండ్రుకవాసి భేదమైనను పయనమున తెలియును. ఇన్నోవా సంస్థవారి ఛాంపియన్ అను గట్టిజాతి డిస్కు, డీఎక్స్ అను సామాన్యజాతి దానికంటె సాధారణముగా అతిస్థిరముగా నుండుటయే గాక, దెబ్బలకు ఓర్చి తన గుణమును చాలకాలము నిలుపుకొనును. డీఎక్స్ జాతిది చెట్లకును రాళ్లకును తగిలి అంచు అరిగినకొలది అల్పస్థిరమగును.

రంగు మాట వేఱు. గాలికి రంగు తెలియదు. అయినను రంగునిచ్చు పొడి ఒక పదార్థమే. పాలీఇథిలీన్ వంటి ప్లాస్టిక్కులలో కొన్ని నీలపు, ఆకుపచ్చని పొడులు స్ఫటికములు పుట్టుటకు బీజములై, కుంచికను మార్చి, వస్తువును వంకరచేయుట అచ్చుపనివారికి తెలిసినదే. కాని మేలు జాతి డిస్కులలో అనేకములు పాలీయురీథేన్ జాతివి. వానికి ఈ న్యాయము అదే తీరున వర్తింపదు. అదిగాక, ఒక రంగు డిస్కులు ఒకనాడును, మఱియొక రంగువి వేఱొకనాడును పోసినపుడు, అచ్చు వేడిమియు, చల్లార్చిన కాలమును గూడ మారి యుండవచ్చును. అట్టిచోట రంగు భేదమునకు గురుతేగాని కారణము కాదు. ఎఱ్ఱనిది ఎల్లప్పుడును ఎడమకు పోవునను సూత్రము నిలువదు.

దీనిని పరీక్షించుట కష్టము గాదు. ఒకే అచ్చు, ఒకే ప్లాస్టిక్కు, ఒకే బరువు గల డిస్కులు మూడింటిని తీసికొనుడు. రెండు ఒకే రంగువి, మూడవది వేఱు రంగుది కావలెను. బరువు తూచుట మఱువరాదు. వ్యాసమునందు ఒక్కొక్క సెంటీమీటరునకు 8.3 గ్రాములకు మించరాదని ఆట నిబంధన, అనగా 21.1 సెంటీమీటర్ల డ్రైవరు సుమారు 175 గ్రాముల వఱకు ఉండవచ్చును. అంతకు తక్కువ బరువులవియు అమ్ముదురు గనుక ఈ జాగ్రత్త వలయును. గాలిలేని ఉదయమున ఒక్కొక్కదానిని పదిమార్లు, ఒకదాని తరువాత నొకటిగా విసరుడు. విసరువాడు గుఱినే చూచుచుండ, స్నేహితుడు వెనుకనుండి డిస్కును చేతికందించి, పడినచోటు వ్రాసికొనవలెను. ఒకే రంగుగల రెండింటి నడుమనే భేదము అంతగా కనబడినచో, రంగుపై నేరము మోపుట న్యాయముగాదు.

తల్లిదండ్రులకొక మాట. బలము చాలని బాలుడు ఖరీదైన అతిస్థిరపు డ్రైవరును విసరినచో అది వెంటనే ఎడమకు కూలును. అతడు తన చేతినే నిందించుకొని ఆట మానును. అట్టివానికి చవుకయైన సామాన్యజాతి డిస్కే తగిన గురువు. పేరును రంగును చూచి కొనక, అంచు చూచి, బరువు తూచి, విసరి చూచి కొనుట మేలు. కనబడిన మొదటి భేదమునే కారణమని నమ్మక, తక్కినవన్నియు సమముచేసి ఒక్కదానినే మార్చి చూచుట శాస్త్రమార్గము. ఆ మార్గము ప్రయోగశాలయందెట్లో ఆటస్థలమునందును అట్లే చెల్లును.