స్కార్బరోలో ఆ ఇల్లు ఎవరిది?

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ నవల 12వ అధ్యాయం అందింది. ఆ రాత్రంతా పెద్దమ్మకు కంటి మీద కునుకు లేదు. ఇంగ్లండు తూర్పు తీరాన స్కార్బరోలో, 1848లో, ముగ్గురు అక్కచెల్లెళ్లు బస ఇల్లు నడుపుతున్నారు, బాగుంది. 1845లో యార్క్ నుంచి రైలొచ్చింది కాబట్టి గదులు నిండుతున్నాయి, అదీ బాగుంది. పెద్దది కెప్టెన్‌ను పెళ్లాడాక కూడా ఎప్పటిలాగే తాళంచెవుల గుత్తితో తిరుగుతోందే, అదెలా కుదురుతుంది తల్లీ?

అప్పట్లో అక్కడ పెళ్లయితే ఆడదాని నగదూ, సామానూ, సంపాదనా మొగుడి సొత్తే. 1870 చట్టంతో సంపాదన ఆమెదైంది. ఆస్తి ఆమె పేర నిలవడానికి 1882 చట్టం రావాల్సి వచ్చింది. కలిగినవాళ్లు మాత్రం పెళ్లికి ముందే ఒప్పందం రాయించి, సొమ్మును ధర్మకర్తల చేతిలో పెట్టేవారు.

రచయిత్రి షార్లెట్ బ్రాంటీ అదే చేసింది. 1854లో నికల్స్‌ను పెళ్లాడే ముందు తన డబ్బు అతని చేతికి పోకుండా కాగితం రాయించింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో వీలునామా రాసి అంతా అతనికే ఇచ్చింది. మార్చి 31న పోయింది. ఈ రెండు కాగితాల మధ్య ఎంత ప్రేమకథ ఉందో చూడు!

అన్నట్టు, ఆవిడ చెల్లెలు ఆన్ క్షయతో కన్నుమూసింది స్కార్బరోలోనే, సముద్రం ఒడ్డు అద్దె గదుల్లో. 1849 మే 28న. 29 ఏళ్ల పిల్ల. అంతకు ఐదేళ్ల ముందు ఆ అక్కచెల్లెళ్లు ఇంట్లోనే బడి పెడదామని కరపత్రాలు అచ్చు వేయిస్తే ఒక్క పిల్లా చేరలేదు. నీ వాళ్లకూ అలాంటి ఖాళీ సీజను ఒకటి రాయి.

పెద్దమ్మ కాకినాడలో చదివే రోజుల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు మెస్సు నడిపేవారు. చిన్నావిడ చారు పెడితే వీధి మలుపు దాకా ఇంగువ ఘుమఘుమ. ఆవిడ పెళ్లయిన కొన్నాళ్లకే ఖాతా పుస్తకం మొగుడి సంచిలోకి చేరింది. కూరగాయల డబ్బులకు పెద్దావిడ గుమ్మం అవతలే నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అతన్ని అడగడం పెద్దమ్మ కళ్లారా చూసింది. చట్టం ఇక్కడ వేరైనా జరిగింది అదే.

ఉద్యోగం మానేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. వేళకు తింటున్నావా? నీ రాత చూసి పెద్దమ్మ ఎంత మురిసిపోతోందో నీకు తెలీదు. రాయి, కానీ జీతం నీ ఖాతాలో పడనీ. 12వ అధ్యాయం తిరగరాసి పంపు. ఆ కెప్టెన్ ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా పెళ్లి జరిపించకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ