కంప్యూటరుకు కనిపించని ఆళ్లగడ్డ

నంద్యాలలో ఒక కార్యాలయం ఉందనుకుందాం. అక్కడి పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆళ్లగడ్డ రైతు ఒకాయన వచ్చి, ఎప్పుడో తానిచ్చిన దరఖాస్తు నకలు కావాలన్నాడు. గుమాస్తా ‘ఆళ్లగడ్డ’ అని టైపుచేసి వెతికితే, ఏమీ దొరకలేదని తెరమీద వచ్చింది. దరఖాస్తు మాత్రం అందులోనే ఉంది! ఇదెలా జరుగుతుంది?

కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఉంటుంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు కేటాయించారు. దాని ప్రకారం ‘ఆళ్లగడ్డ’ అంటే ఈ వరస:

3078, 3123, 3149, 3122, 3095, 3105, 3149, 3105.

3149 రెండుసార్లు వచ్చింది, గమనించారా? అది పొల్లు గుర్తు. ఒత్తులకు వేరే సంఖ్యలు లేవు. ళ, పొల్లు, ల వరసగా వస్తే ‘ళ్ల’ అవుతుందన్నమాట.

వెతికిన ప్రతిసారీ కంప్యూటరు ఫైళ్లన్నీ తిరగేయదు. పెద్ద పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక ఉంటుంది కదా! అలాంటిదే ముందుగా తయారుచేసి పెట్టుకుంటుంది. అందుకు ప్రతి ఫైలులోంచీ మాటలను బయటికి తీయాలి. చిక్కంతా ఇక్కడే.

ఫైలు ఒక మూట వంటిది. ఒక్కో రకం మూటను ఒక్కో విధంగా విప్పాలి. ఫైలు పేరు చివరి తోకను ఎవరైనా మార్చవచ్చు కాబట్టి, మంచి సాఫ్ట్‌వేరు లోపలి మొదటి గుర్తులనే చూస్తుంది. పీడీఎఫ్ ఫైలు మొదట్లో శాతం గుర్తు, పక్కనే పి, డి, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. డాక్స్ ఫైలు మొదట్లో పి, కె ఉంటాయి. అవి 1989లో జిప్ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. డాక్స్ కూడా నిజానికి జిప్ మూటే! విప్పడం తెలియని రకం వస్తే సాఫ్ట్‌వేరు దాన్ని దాచగలదుగాని సూచికలో చేర్చలేదు.

మూట విప్పినా లోపల అక్షరాలు ఉండకపోవచ్చు. స్కాను చేసిన కాగితం వట్టి బొమ్మ. ఆకారాలను బట్టి అక్షరాలను పోల్చుకునే ఓసీఆర్ ప్రోగ్రాము దాన్ని చదవాలి. ప, వ, ష లాంటివి అచ్చు మాసిపోతే మనల్నే తికమక పెడతాయి, ఇక యంత్రం సంగతి చెప్పాలా?

డీటీపీలో ఎంతోకాలంగా వాడుతున్న అను వంటి ఫాంట్లది మరో తమాషా. కాగితంమీద చక్కని తెలుగే కనిపిస్తుంది. లోపల దాగినవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలు! ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. సూచిక వేషాన్ని చూడదు, సంఖ్యనే చూస్తుంది.

మీరే పరీక్షించండి. ఒక తెలుగు పీడీఎఫ్‌లో రెండు వాక్యాలు ఎంచుకుని కాపీచేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తే అది వేషమే కావచ్చు. అసలు ఎంచుకోవడానికే వీలుకాకపోతే బొమ్మ కావచ్చు.

అన్నీ సరిగా ఉన్నా మరో చిక్కుంది. ఈ ఊరి పేరును కొందరు ‘ఆళ్ళగడ్డ’ అని రాస్తారు. అప్పుడు వరసలో నాలుగో సంఖ్య 3122 బదులు 3123 అవుతుంది. రెండూ ఒకే ఊరని ముందుగా చెప్పి ఉంచకపోతే కంప్యూటరు వాటిని వేర్వేరు మాటలుగానే చూస్తుంది.

‘నంద్యాల’కు ఎన్ని సంఖ్యలు కావాలి? సున్నను, యా ఒత్తును మరచిపోకుండా లెక్కకట్టండి. ఏడు వచ్చిందా? ఇక మీ ఊరి పేరు రాసి చూడండి.