పిట్టకొక్క రూపాయి: విడీ ఘర్కుల్‌లో మా పక్షుల లెక్క

ఈసారి గోడపత్రికకి ఉగాది మీద ఏదైనా రాయమని మేడం అన్నప్పుడు అందరిలాగే నేనూ కోకిల మీద రాద్దామనుకున్నాను. వేపపువ్వు, మామిడి పూత, కోయిలమ్మ పాట. ఒక పేజీ రాసి చింపేశాను. ఎందుకంటే ఈ మధ్యనే నాకు ఒక సంగతి తెలిసింది: పాడేది కోయిలమ్మ కాదు, మగ కోకిల. నల్లగా నిగనిగలాడేది, తెల్లవారకముందే గొంతెత్తి కూసేది అదే. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దానిది వేరే కూత. మన పద్యాల్లో, పాటల్లో ఎన్ని కోయిలమ్మలు పాడాయో లెక్కలేదు. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, డబ్బులు పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఆ కథే రాస్తున్నాను.

మన క్లాసులో ఆరుగురం కలిసి నాన్నజ్ పోవాలనుకున్నాం. సోలాపూర్‌కి దాదాపు ఇరవై కిలోమీటర్లు. అక్కడి గడ్డిమైదానాన్ని 1979లో మాళఢోక్ పక్షి అభయారణ్యం చేశారు. మాళఢోక్‌ని తెలుగులో బట్టమేక పక్షి అంటారు. కర్నూలు వైపు రోళ్ళపాడులో కూడా దీనికోసమే అభయారణ్యం ఉంది. ఇప్పుడు దేశం మొత్తమ్మీద 150 కంటే తక్కువే మిగిలాయంటారు, కాబట్టి కనబడుతుందన్న ఆశ మాకు లేదు. అయినా ఆ మాళ్‌రాన్ చూడాలని కోరిక. మనిషికింత అని టమ్‌టమ్ కిరాయి వేసుకుంటే ఇద్దరి దగ్గర డబ్బుల్లేవు. వాళ్ళను వదిలి పోలేం.

అప్పుడు మాలో ఒకామె బర్డథాన్ గురించి చెప్పింది. కెనడాలో లాంగ్ పాయింట్ అనే చోట ఉన్న పక్షి పరిశోధన కేంద్రంవాళ్ళు 1976లో దీన్ని మొదలుపెట్టారు. పద్ధతి సులువే. వసంతకాలంలో ఒక రోజు ఎంచుకుంటారు. ఆ రోజు ఎన్ని రకాల పక్షుల్ని చూస్తామో అన్ని రకాలకి, రకానికింత చొప్పున ఇస్తామని తెలిసినవాళ్ళు ముందే మాట ఇస్తారు. లెక్క తేలాక ఆ మాట ప్రకారం వసూలు చేసి పక్షుల పనికి వాడతారు. అమెరికాలో న్యూజెర్సీవాళ్ళు 1984 నుంచి మే నెలలో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా, ఇరవైనాలుగు గంటలు, జట్లు జట్లుగా ఇలాంటి పోటీయే పెడుతున్నారు. మన దేశంలో డబ్బుల్లేని లెక్క ఒకటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా చేసే పెరటి పక్షుల గణన 1998లో మొదలైంది, 2013 నుంచి మన దేశంలో కూడా జరుగుతోంది. కాలేజీలవాళ్ళు తమ ఆవరణలోనే చేయొచ్చు. మన కాలేజీ కూడా వచ్చే ఫిబ్రవరిలో చేస్తే బాగుంటుందని ఇక్కడే ఒక మాట వేస్తున్నాను.

వసంతమే ఎందుకంటే, అక్కడ వాళ్ళకి మే నెలలో దక్షిణం నుంచి పక్షులు తిరిగొస్తాయి. మన దగ్గర తిరగేసి ఉంటుంది. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చినవి ఫాల్గుణ, చైత్రాల్లో తిరుగు ప్రయాణం కడతాయి. ఇక్కడే ఉండేవి అప్పుడే జతకోసం కూతలు మొదలుపెడతాయి. పోయేవీ పాడేవీ రెండూ ఒకేసారి దొరికేది ఆ కొద్ది రోజులే. పైగా కుంటలు ఎండిపోతూ ఉంటాయి కాబట్టి నీళ్ళున్నచోటికి అన్నీ చేరతాయి. మేం ఉగాదికి రెండు ఆదివారాల ముందు రోజు పెట్టుకున్నాం.

మా విడీ ఘర్కుల్ గురించి మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు, సగంమంది అక్కడివాళ్ళే. కుంభారి దగ్గర బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం గోదూతాయి పరుళేకర్ పేరు మీద కట్టిన పది వేల ఇళ్ళు. మా ఇంట్లో అవ్వ, నాన్న తెలుగు. అమ్మ తెలుగు, మరాఠీ రెండూ. తమ్ముడు కోపమొస్తే మరాఠీ, ఆకలేస్తే తెలుగు. అవ్వ నలభై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. మాట అడగడానికి ముందు ఆమె దగ్గరికే పోయాను.

"ఏందే పిల్లా, పిట్టలు లెక్కపెడితే పైసలెవరిస్తరు?" అంది. రకానికింత అని చెప్పాను. అంతే, టక్కున అర్థమైపోయింది. నాకు కెనడా సంగతి అర్థం కావడానికి అరగంట పట్టింది, ఆమెకు అర నిమిషం. ఎందుకంటే బీడీ మజూరీ కూడా అంతే కదా, వెయ్యికి ఇంత. "గట్లయితే ఛాట్ ఎవరు చేస్తరు?" అని అడిగింది. కార్ఖానాలో బీడీలు తీసుకునేటప్పుడు సరిగ్గా లేనివాటిని ఏరి పక్కన పడేస్తారు. దాన్నే ఛాట్ అంటారు. వాటికి మజూరీ ఉండదు. పిట్టల్లో ఛాట్ ఏంటవ్వా, చూసింది చూసినట్టు రాస్తాం అన్నాను. ఆమె ఏమీ అనలేదు, తంబాకు చాటలోకి చూసుకుంది.

గల్లీలో ఇరవై ముగ్గురు మాట ఇచ్చారు. పద్ధెనిమిది మంది రకానికి ఒక రూపాయి, ముగ్గురు రెండు రూపాయలు, ఇద్దరు ఐదు రూపాయలు. అంటే ఒక్కో రకానికి మాకు 34 రూపాయలు. కాకికీ అంతే, బట్టమేకకీ అంతే. "అన్నిటికీ ఒక్కటే రేటా?" అని ఎదురింటి అత్త నవ్వింది. ఈ పద్ధతిలో ఉన్న లోపం అదేనని నాకూ అనిపిస్తుంది. ఎన్ని రకాలు అన్నదే లెక్క, ఏ పక్షి అన్నది కాదు. పొద్దంతా ఒక్క గిజిగాడి గూడు ముందు కూర్చునేవాళ్ళు ఇందులో ఓడిపోతారు.

గిజిగాడంటే గుర్తొచ్చింది. ఘర్కుల్ వెనక బావి మీదికి వంగిన తుమ్మ చెట్టుకి పోయిన వానాకాలం గూళ్ళు ఇంకా వేలాడుతున్నాయి. అమ్మ దాన్ని సుగరణ్ అంటుంది. మరాఠీలో సుగరణ్ అంటే వంటలో, ఇంటిపనిలో నేర్పరి అయిన ఆడమనిషి. కానీ గూడు అల్లేది మగది. సగం అల్లాక ఆడది వచ్చి చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే పోతుంది. తెలుగులో మాత్రం గిజిగాడు, జాషువాగారి ఖండకావ్యంలోనూ గిజిగాడే. అంటే మనవాళ్ళు సరిగ్గా చూసి పేరు పెట్టారన్నమాట. కోకిల దగ్గర మాత్రం పాటకి మోసపోయారు. మగ్గాల మీద బతికిన మా పద్మశాలి ఇళ్ళలో నేసేది మగవాళ్ళు, కండెలు చుట్టేది ఆడవాళ్ళు అని అవ్వ చెబుతుంది, బహుశా అందుకే ఆ పిట్టను చూడగానే మగాడని తెలిసిందేమో. ఇది నా ఊహే, మేడం ఒప్పుకోకపోవచ్చు.

లెక్కకి మేం ఒక నియమం పెట్టుకున్నాం. మన తెలుగు శాఖ పిల్లలం కాబట్టి ప్రతి పక్షికీ తెలుగు పేరు రాయాలి. పక్కన మరాఠీ పేరు కూడా. ఆరింటికల్లా మాళ్ మీద ఉన్నాం. జొన్న కోసేసిన చేలు, మోళ్ళు. మొదట తీతువు అరిచింది, టిటవీ. రెండు భాషల్లోనూ దాని అరుపే దాని పేరు, రెండు భాషల్లోనూ పాపం అపశకునమే. కరెంటు తీగ మీద పసుల పోలిగాడు. పశువుల వెంట తిరిగి పురుగులు పడతాడని ఆ పేరు. మరాఠీలో కోత్‌వాల్, కాకుల్నీ గద్దల్నీ కూడా తరిమేస్తాడు కాబట్టి పోలీసు. ఒకే పిట్టని ఒక భాష పొలంలో చూసింది, ఇంకోటి ఠాణాలో. కంచె దగ్గర జెముడుకాకి. అది మనకి జెముడు కంచెల్లో తిరిగే ఒక రకం కాకి, మరాఠీవాళ్ళకి భారద్వాజ్, ఋషి పేరు, కనబడితే మంచిది. అమ్మ దాన్ని చూస్తే దండం పెడుతుంది. అవ్వ పెట్టదు.

తర్వాత హిప్పరగా చెరువుకి పోయాం. కొంగలు, లకుముకి పిట్ట, నీళ్ళ మీద నల్లగా గుంపుగా బొల్లికోళ్ళు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది, బొల్లి అంటే అదే. దీనికి మరాఠీలో వారకరీ అని పేరు. పండరీపూర్ నడిచిపోయే వారకరీల నుదుటి బొట్టు గుర్తుకొచ్చి పెట్టినట్టుంది. మన జిల్లాలో పుట్టాల్సిన పేరే!

పదకొండుకి ఎండ దంచేసరికి వెనక్కొచ్చాం. 31 రకాలు. 1054 రూపాయలు. చాలా సంతోషపడ్డాం.

సాయంత్రం అవ్వ అరుగు మీద కూర్చుని "చదువు" అంది. చుట్టూ మాట ఇచ్చినవాళ్ళలో ఏడెనిమిది మంది, చేతుల్లో ఆకు, కత్తెరలు ఆగకుండానే. ఒక్కొక్కటే చదివాను. "చుక్కల పిట్ట" అని రాసిన దగ్గర ఆపింది. ఎట్లుందో చెప్పమంది. చెప్పాను. "అది ఆడ కోకిల. కోకిల ముందే రాసినవు గదా." ఒకటి పోయింది. తుమ్మచెట్టులో కనబడకుండా కూసినది, మేం "చిన్న గోధుమ పిట్ట" అని రాసుకున్నది, ఛాట్. పైన చాలా ఎత్తులో తిరిగినది ఇద్దరు డేగ అన్నారు, ఇద్దరు గద్ద అన్నారు. గద్ద ముందే ఉంది. ఛాట్.

నాలుగోది నాది. పాలపిట్ట. చెరువు కట్ట మీద నేను ఒక్కదాన్నే చూశాను. నిజం చెప్పాలంటే నీలం రంగు రెక్క ఒకటి చెట్ల మధ్య మెరిసింది, అంతే. లకుముకి పిట్ట రెక్కా నీలమే. దసరాకి పాలపిట్టను చూడాలని అవ్వ ప్రతి ఏడూ అంటుంది, అందుకని రాసేశాను. ఎవరూ అడగలేదు. అవ్వ కూడా అడగలేదు, పాలపిట్ట అనగానే ఆమె మొహం వెలిగింది. ఇరవై ముగ్గురు బీడీలు చుట్టిన డబ్బుల్లోంచి నా ఆశకి 34 రూపాయలు. తర్వాతి పేరు చదవబోయి ఆగిపోయాను. "అది కూడా ఛాట్ అవ్వా, నేను సరిగ్గా చూడలే" అన్నాను. నా స్నేహితురాళ్ళు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. 31 కాస్తా 27 అయింది, 918 రూపాయలు. తగ్గిన 136 మేం తలా కొంచెం వేసుకున్నాం, నాది కొంచెం ఎక్కువ.

అసలు తగువు చివరి పేరు దగ్గర వచ్చింది. పొద్దున జొన్నచేల మీద వేలకొద్దీ పిట్టలు పొగలాగా లేచి, తిరిగి, మళ్ళీ వాలాయి. ఒళ్ళు లేత గులాబీ, తల, రెక్కలు నలుపు. మరాఠీలో భోరడీ. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చి, గింజా మిడతా తిని, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. ఆరుగురమూ కళ్ళారా చూశాం. కానీ ఆరుగురిలో ఎవరికీ తెలుగు పేరు రాదు. గులాబీ గోరింక అని ఎవరో పెట్టిన కొత్త పేరు పుస్తకంలో ఉంది, అది ఇంగ్లీషుకి చేసిన తర్జుమాలా ఉంది. నియమం ప్రకారం ఛాట్ చేయాలా?

మా అవ్వకీ పేరు తెలియదు. అయినా ఒప్పుకోలేదు. "కార్డు లేకపోతే బీడీ చేసేటామె బీడీ చేసేటామె గాదా? చూసిన్రు గదా, రాయుండ్రి" అంది. కార్డు లేక ఎన్నాళ్ళు తిరిగిందో ఆమెకే తెలుసు. అట్లా భోరడీ లెక్కలో ఉండిపోయింది, 27లో అదొకటి.

కానీ పేరు లేకపోతే ఏమవుతుందో నాకు ఆ తర్వాత అర్థమైంది. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, కానీ పట్టి తెచ్చింది ఐతన్న అనే ఊరి వేటగాడు. ప్రపంచం పోయిందనుకున్నది అక్కడి పొదల్లోనే తిరుగుతోంది. మన సోలాపూర్‌లోనే 1932 నవంబరు 5న పుట్టిన మారుతీ చితంపల్లిగారు అడవి అధికారిగా పనిచేస్తూ అడవిలోని మనుషుల దగ్గర పక్షుల, చెట్ల పేర్లు జీవితమంతా పోగుచేశారు. పక్షికోశ్ రాశారు. కాకులు గుంపుగా ఉండే చోటుకి కాకాగార్ అనే మాట మరాఠీకి ఆయన ద్వారానే వచ్చింది. 2025లో పద్మశ్రీ వచ్చింది, ఆ జూన్ 18న ఇక్కడే పోయారు. ఆయన పుట్టినరోజు నుంచి సలీం అలీగారి పుట్టినరోజు నవంబరు 12 దాకా మహారాష్ట్రలో పక్షి సప్తాహం జరుపుతారు. ఇంటిపేరులో పల్లి ఉన్న మనిషి మరాఠీకి అంత చేశారు. తెలుగులో ఆ పని మన ఊళ్ళో ఎవరైనా చేశారా అని శాఖలో అడిగాను. మీరే మొదలుపెట్టండి అన్నారు, నవ్వుతూనే అన్నారనుకోండి.

నాన్నజ్ పోయి వచ్చాం. బట్టమేక కనబడలేదు. కృష్ణజింకలు కనబడ్డాయి, రేటు లేని లెక్కలో అవి కూడా రాసుకున్నాం.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాను, దారంతో పెన్సిలు కట్టి. భోరడీకి మీ ఇంట్లో అవ్వో తాతో ఏదైనా తెలుగు పేరు చెబితే రాయండి. మీ ఊరి పేరు కూడా రాయండి. సరిగ్గా గుర్తులేకపోతే పక్కన ఛాట్ అని రాయండి, ఫర్వాలేదు.