తోలు చుట్టలో పేరు

సినిమాలో విలన్ అంటే ఎవరు? చిన్నపిల్లలు కూడా చెబుతారు. హీరోను ఏడిపించేవాడు, చెడ్డవాడు. కానీ ఈ మాటకు మొదట ఉన్న అర్థం వేరు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు దేశంలో విలన్ అంటే పల్లెటూరి రైతు. దొర పొలంలో వెట్టి చేసే రైతు. ఎండలో వానలో కష్టపడే మనిషి పేరు కాలం గడిచేకొద్దీ చెడ్డవాడి పేరుగా మారింది. మార్చింది రైతులు కాదు. అప్పుడు రాయడం వచ్చింది దొరలకూ, వాళ్ళ కొలువులో ఉండేవాళ్ళకూ మాత్రమే.

ఆ విలన్ బతుకు ఎట్లా ఉండేది? అతన్ని భూమికి కట్టేసింది ఏమిటి?

కథ 1066లో మొదలవుతుంది. ఆ ఏడు నార్మండీ ప్రాంతపు ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చాడు. ఇంగ్లండును గెలిచి రాజయ్యాడు. దేశంలో ఉన్న భూమి అంతా రాజుదే అన్నాడు. తన వెంట వచ్చిన దాదాపు రెండు వందల మంది పెద్దలకు ఆ భూమిని పంచాడు. ఊరికే ఇవ్వలేదు. యుద్ధం వస్తే ఇంతమంది గుర్రపు యోధులను పంపాలి అని షరతు పెట్టాడు. ఆ పెద్దలు తమ కింద చిన్న దొరలకు పంచారు. భూమి పుచ్చుకునేవాడు మోకాళ్ళ మీద కూచునేవాడు. రెండు చేతులూ జోడించి పై దొర చేతుల్లో పెట్టేవాడు. నేను నీ మనిషిని అని ఒట్టు వేసేవాడు.

పైవాడు భూమి ఇస్తాడు. కిందివాడు సేవ చేస్తాడు. దీన్నే భూస్వామ్య వ్యవస్థ అంటారు. ఇంగ్లీషులో ఫ్యూడలిజం. అప్పటి వాళ్ళకు ఈ పేరు తెలియదు. చాలా కాలం తరవాత చరిత్ర రాసినవాళ్ళు పెట్టిన పేరిది.

1085లో విలియం రాజు తన దేశంలో ఏముందో లెక్క తీయమన్నాడు. 1086లో అధికారులు ఆ లెక్క తీశారు. ఈ ఊరు ఎవరి చేతిలో ఉంది? నాగళ్ళు ఎన్ని? పిండి మరలు ఎన్ని? విలన్లు ఎంతమంది? బానిసలు ఎంతమంది? అంతా లాటిన్ భాషలో రాశారు. పదమూడు వేలకు పైగా ఊళ్ళ పేర్లు అందులోకి ఎక్కాయి. జనం ఆ పుస్తకానికి 'డూమ్స్‌డే' అని పేరు పెట్టారు. అంటే దేవుడు తీర్పు చెప్పే ఆఖరి రోజు. ఆ తీర్పుకు తిరుగులేనట్టే ఈ పుస్తకంలో రాసినదానికీ తిరుగు లేదు. అది ఇప్పటికీ లండన్‌లోని జాతీయ దస్తావేజుల భవనంలో ఉంది.

ఆ పుస్తకంలో ఒక సంగతి గమనించాలి. దొర ఉంటే దొర పేరు రాశారు. రైతులకు మాత్రం లెక్కే ఉంది. ఫలానా ఊళ్ళో విలన్లు ఇంతమంది, ఎద్దుల నాగళ్ళు ఇన్ని అని. మనిషినీ ఎద్దునూ ఒకే వరసలో లెక్కపెట్టారు.

దొర ఏలుబడిలో ఉండే భూమిని మేనర్ అనేవాళ్ళు. చాలాచోట్ల ఒక ఊరంటే ఒక మేనర్. పొలాలకు గట్లు, కంచెలు ఉండేవి కావు. పెద్ద పెద్ద మైదానాలను సన్నటి పొడవాటి మళ్ళుగా చీల్చేవాళ్ళు. ఒక్కో రైతు మళ్ళు ఇక్కడొకటి, అక్కడొకటి ఉండేవి. వాటి మధ్యన దొర సొంత మళ్ళు. ఏటా ఒక మైదానాన్ని బీడు పెట్టేవాళ్ళు. లేకపోతే నేల చప్పబడుతుంది. బరువైన నాగలికి ఎనిమిది ఎద్దులు కట్టాలి. అన్ని ఎద్దులు ఒక్క రైతుకు ఎక్కడివి? నలుగురూ కలిసి కట్టుకునేవాళ్ళు.

విలన్ వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో పనిచేయాలి. కూలి ఇవ్వరు. కోతల కాలంలో ఇంకా ఎక్కువ రోజులు వెళ్ళాలి. తన చేను పండి రాలిపోతున్నా సరే, ముందు దొర చేనే కోయాలి. పంటలో పదో వంతు చర్చికి పోతుంది. కూతురికి పెళ్ళి చేయాలంటే దొరకు సుంకం కట్టాలి. కొన్నిచోట్ల ఆడమనిషే తన పెళ్ళి సుంకం తానే కట్టుకునేది. ఇంటి యజమాని చనిపోతే కొట్టంలో ఉన్న మంచి పశువును దొర తోలుకుపోతాడు. దాని తరవాతి మంచి పశువు చాలాచోట్ల చర్చికి. ఇంట్లో శవం ఉండగానే రెండు పశువులు పోయేవి.

దొర అనుమతి లేకుండా ఊరు విడిచి పోకూడదు. అందరు రైతులూ ఇట్లా లేరు. ఊళ్ళో కొందరు స్వేచ్ఛ గల రైతులు ఉండేవాళ్ళు. వాళ్ళు శిస్తు కట్టి తమ పని తాము చూసుకునేవాళ్ళు. దొర అన్యాయం చేస్తే రాజుగారి కోర్టుకు పోయేవాళ్ళు. విలన్‌కు ఆ దారి లేదు. అతను దొర మీద దొర కోర్టులోనే చెప్పుకోవాలి.

ఇక తిరగలి సంగతి. దొర తన మేనర్‌లో మర పెట్టించేవాడు. విలన్ తన గింజలు ఆ మరలోనే ఆడించాలి. పిండిలో కొంత మరకు ఇచ్చుకోవాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుంటే తప్పు. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో ఒక పెద్ద క్రైస్తవ మఠం ఉండేది. ఆ ఊరికి మఠమే దొర. 1330 ప్రాంతంలో మఠాధిపతి రిచర్డ్ ఇళ్ళలో ఉన్న తిరగళ్ళన్నీ లాక్కున్నాడు. ఆ తిరగలి రాళ్ళను మఠంలో ఒక గది నేలకు పరిపించాడు. ఆ రిచర్డ్ గొప్ప లెక్కల పండితుడు. నక్షత్రాల నడక చూపే గడియారం తయారుచేసినవాడు. అంత తెలివిగలవాడికి ఆడవాళ్ళ తిరగళ్ళ మీద కన్ను పడింది. యాభై ఏళ్ళయినా ఊరివాళ్ళు ఆ సంగతి మరిచిపోలేదు.

వీటన్నిటినీ నిలబెట్టింది కత్తి ఒక్కటే కాదు, రాత కూడా. మేనర్‌లో దొర కోర్టు జరిగేది. దొర గుమాస్తా తోలు మీద అంతా రాసేవాడు. ఎవరు వెట్టికి రాలేదు, ఎవరు పెళ్ళి సుంకం బాకీ, ఎవరి పశువు చేలో పడింది. బీరు లాంటి 'ఏల్' చేసి అమ్మిన ఆడవాళ్ళ మీద వేసిన జరిమానా కూడా అందులో ఉండేది. ఆ తోలును చుట్టచుట్టి దాచేవాళ్ళు. డూమ్స్‌డే పుస్తకంలో లేని రైతు పేరు ఈ చుట్టలోకి ఎక్కింది. అంటే ఫలానా మనిషి విలన్ అని రాసిపెట్టినట్టే. అతని పిల్లలూ విలన్లే. రాసింది లాటిన్‌లో. అందులో ఏముందో ఆ రైతుకు తెలియదు.

అయితే రాత రెండువైపులా పదునున్న కత్తి. వెట్టి రెండు రోజులని చుట్టలో ఉంటే మూడో రోజు రమ్మనడం దొరకు అంత తేలిక కాదు. ఆ సంగతి రైతులు కనిపెట్టారు.

1348లో ఇంగ్లండుకు ప్లేగు వచ్చింది. రెండేళ్ళలో దేశంలో మూడో వంతుకు తక్కువ కాకుండా జనం చచ్చిపోయారు. సగం దాకా పోయారని కూడా అంటారు. పొలాలు ఉన్నాయి, చేసేవాళ్ళు లేరు. మిగిలినవాళ్ళు ఎక్కువ కూలి అడిగారు. ఎక్కువ ఇచ్చే ఊరికి పోయారు. దొరలు ఊరుకుంటారా? 1351లో చట్టం చేశారు. ప్లేగుకు ముందు ఎంత కూలి ఉందో అంతే ఇవ్వాలి, అంతే పుచ్చుకోవాలి అన్నారు. ఎక్కువ అడిగినవాళ్ళను శిక్షించారు.

1377లో దక్షిణ ఇంగ్లండులో సుమారు నలభై ఊళ్ళ రైతులు ఒక ఉపాయం పన్నారు. డబ్బు పోగుచేసుకున్నారు. చదువుకున్నవాళ్ళను పట్టుకుని, డూమ్స్‌డే పుస్తకంలో తమ ఊరి గురించి ఉన్న రాతకు నకలు తీయించారు. మా ఊరు పాతకాలంలో రాజు సొంత ఊరు, కనుక మేము ఈ వెట్టి చేయనక్కర్లేదు అని ఆ నకలు చూపించి పని మానేశారు. తమను లెక్కపెట్టిన పుస్తకాన్నే సాక్ష్యానికి పిలిచారన్న మాట! పార్లమెంటులో దొరలు గగ్గోలు పెట్టారు. నకళ్ళు చెల్లలేదు.

అదే ఏడు తలపన్ను మొదలైంది. మనిషికి నాలుగు పెన్నీలు. 1380లో దాన్ని పన్నెండు పెన్నీలు చేశారు. పదిహేనేళ్ళు దాటిన వాళ్ళందరికీ పన్ను పడింది. కూలివాడికి అది కొన్ని రోజుల సంపాదన. 1381 మే నెలాఖరులో ఎసెక్స్ జిల్లా రైతులు పన్ను అధికారులను తరిమికొట్టారు. జూన్‌లో వాట్ టైలర్ నాయకత్వంలో వేలమంది లండన్‌లోకి వచ్చారు. రెండో రిచర్డ్ రాజుకు అప్పుడు పద్నాలుగేళ్ళు. 14వ తేదీన రాజు వాళ్ళను కలిశాడు. వెట్టి రద్దు చేస్తాను అన్నాడు. రైతులు ఆ మాట విని ఇళ్ళకు పోలేదు. రాసి ఇమ్మన్నారు. గుమాస్తాలు కూచుని ఊరూరికీ పత్రాలు రాశారు.

మరోపక్క మేనర్ కోర్టుల తోలు చుట్టలను రైతులు చాలా ఊళ్ళలో తగలబెట్టారు. కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయం పత్రాలు బజారులో కాలుతుంటే మార్జరీ స్టార్ అనే ముసలామె ఆ బూడిదను గాలిలోకి ఎగరేసిందట. చదువు లేని మూక చదువు మీద కసి తీర్చుకుంది అని అప్పటి సన్యాసులు రాశారు. అది ఒకవైపు మాటే. చదువు మీద కసి ఉంటే రాజు దగ్గర పత్రాలు ఎందుకు రాయించుకుంటారు? తమను కట్టేసిన రాతను కాల్చారు. తమను విడిపించే రాతను అడిగారు.

సెయింట్ ఆల్బన్స్‌లో విలియం గ్రిండ్‌కోబ్ అనే అతను ముందు నడిచాడు. జనం మఠంలోకి వెళ్ళి నేలలోని తిరగలి రాళ్ళను పెకలించారు. పగలగొట్టి, చర్చిలో రొట్టె పంచినట్టు తలా ఒక ముక్క పంచుకున్నారు. మఠం పత్రాలు కాల్చారు. ఇంకో పత్రం కావాలన్నారు. ఆరు వందల ఏళ్ళ కిందటి ఆఫా రాజు తమ ఊరికి హక్కులు రాసిచ్చాడట. అందులో ఒక అక్షరం బంగారు రంగు, ఒక అక్షరం నీలం రంగట. అట్లాంటి పత్రం లేదు అన్నాడు మఠాధిపతి. జనం నమ్మలేదు. చదవలేని పత్రాన్ని వాళ్ళు తాతల నాటి నుంచి కళ్ళకు కట్టినట్టు చెప్పుకుంటూ వచ్చారు.

జూన్ 15న రాజు ఎదుటే టైలర్‌ను చంపేశారు. జూలై 2న రాజు తాను ఇచ్చిన పత్రాలన్నీ రద్దు చేశాడు. అదే నెలలో గ్రిండ్‌కోబ్‌ను ఉరితీశారు.

కానీ దొరలకు మనుషులు దొరకడం కష్టంగానే ఉంది. వెట్టికి పట్టుబడితే రైతు రాత్రికి రాత్రి వేరే ఊరికి పోతాడు. అక్కడి దొర ఏమీ అడగకుండా పొలం ఇస్తాడు. వందేళ్ళలో వెట్టి పోయి డబ్బు శిస్తు మిగిలింది. వెట్టిని రద్దు చేస్తూ ఇంగ్లండులో ఒక చట్టమంటూ రాలేదు. రాణి మొదటి ఎలిజబెత్ తన సొంత భూముల్లో మిగిలిన కొద్దిమంది విలన్లను 1574లో డబ్బు కట్టించుకుని విడిపించమంది.

ఈలోగా ఇంకో మార్పు వచ్చింది. కోర్టు చుట్టలో తన పొలం గురించి రాసిన భాగానికి రైతు చేతికి నకలు ఇవ్వసాగారు. ఆ నకలే అతని హక్కు. అట్లాంటి భూమిని 'కాపీ హోల్డ్', అంటే నకలు భూమి అన్నారు. పార్లమెంటు 1922లో చేసిన చట్టం 1926 జనవరి 1న అమలులోకి వచ్చి నకలు భూములను రద్దు చేసింది.

1381లో కాలిపోకుండా మిగిలిన తోలు చుట్టలు ఇంగ్లండులో ఇంకా వేల సంఖ్యలో ఉన్నాయి. ఏ ఊరి రైతు ఎన్నాళ్ళు వెట్టికి ఎగ్గొట్టాడో, ఏ తల్లి కూతురి పెళ్ళికి ఎంత సుంకం కట్టిందో వాటిలో పేర్లతో సహా ఉంది.