నాస్తికుడు అను మాట

పాఠము: కీర్తన 14, ఎఫెసీ 2:12



ఆరాధనకు రావడము మానిన పడుచువానిని మన ఊళ్లలో నాస్తికుడైపోయినాడందుము. బైబిలు తరగతిలో గట్టి ప్రశ్న వేసినవానికిని అదే పేరు. ఆ పేరు ఒకసారి పడెనా, అతని యింటికి ప్రార్థనకు వెళ్లువారుండరు. పిల్ల నిచ్చువారును వెనుకాడుదురు. ఇంత పని చేయు మాటను పరీక్షించి వాడవలెను.

ఇది సంస్కృతపు మాట. అస్తి అనగా ఉన్నది, నాస్తి అనగా లేదు. ఏది లేదనువాడు? పాణిని వ్యాకరణమునకు వ్యాఖ్య వ్రాసినవారు పరలోకము లేదనువాడనిరి. మనుస్మృతియైతే వేదమును నిందించువానికి ఆ పేరు పెట్టినది. అందుచేతనే బౌద్ధులును జైనులును నాస్తికులైరి. సృష్టికర్తను ఒప్పుకొనని పూర్వమీమాంసకులో, వేదమును నమ్మిరి గనుక ఆస్తికులుగానే మిగిలిరి. ఆ లెక్కను మనమును నాస్తికులమే గదా!

మన పితరులకు ఈ నింద క్రొత్త కాదు. గ్రీకులో దీనికి సరియైన మాట అథెయొస్, అనగా దేవుడు లేనివాడు. విగ్రహములు లేవు, బలులు లేవు గనుక రోమా రాజ్యములో జనులు క్రైస్తవులనే అట్లు పిలిచిరి. సుమారు 155లో స్ముర్న సంఘాధ్యక్షుడగు పోలికార్పును అధిపతి యెదుట నిలిపి, నాస్తికులు తొలగిపోవలెనని పలుకుమనగా, ఆ వృద్ధుడు చుట్టునున్న జనసమూహమువైపు చెయ్యి ఊపి ఆ మాటే పలికెను. క్రొత్త నిబంధనలో అథెయొస్ అనునది ఎఫెసీ 2:12లో మాత్రమే యున్నది. అర్తెమిదేవి మహా గుడిగల పట్టణములోని విశ్వాసులకు, మీరు పూర్వము దేవుడు లేనివారని పౌలు వ్రాసెను.

ఇక కీర్తన 14. దేవుడు లేడనుకొనువానిని కీర్తనకారుడు బుద్ధిహీనుడనెను, హెబ్రీలో నాబాల్. అతడు నోటితో గాదు, హృదయములో అనుకొనును. 1 సమూయేలు 25వ అధ్యాయములోని నాబాలు పేరును ఆ మాటే. అతనికి 3,000 గొఱ్ఱెలు, 1,000 మేకలు. బొచ్చు కత్తిరించు పండుగ దినమున, తన మందకు కావలిగా నిలిచిన దావీదు మనుష్యులు ఆహారమడిగితే, దావీదు ఎవడని కసిరి పంపెను. తాను మాత్రము రాజు విందువంటి విందు చేసికొనెను. దేవుడు లేడని అతడు ఎన్నడైన చెప్పినట్లు వ్రాయబడలేదు.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు ఆ మాటను బాహాటముగా చెప్పినవారు. ఆయన బోధను మేము ఒప్పుకొనము. అయినను ఆయన అంటరానితనమును ఎదిరించి, అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. ప్రభువు బల్లయొద్ద కలిసి తిని, వాకిలి దాటగానే కులము చూచు క్రైస్తవునికి మనమే పేరు పెట్టుదుము?

పెద్దలారా, ఆరాధన మానిన ఆ పడుచువాని యింటికి ఈ నెలలో ఇద్దరు వెళ్లుడి. దేవుడు లేడనుచున్నాడా, లేక సంఘపు తగవులు చూచి మనస్సు విరిగినదా అని అడిగి, అతడు చెప్పునంతసేపు వినుడి. కుటుంబ ప్రార్థనలో 1 సమూయేలు 25వ అధ్యాయమును అబీగయీలు మాటలవరకు చదువుకొనుడి.